కార్తీకం మొదటిరోజు ఉల్లిపాయల బస్తా

ఈ రోజు కార్తీకమాసం మొదలు. పొద్దున్నే తలస్నానం చేసి, తులసమ్మ దగ్గర దీపం పెట్టి, హాల్లో కూర్చుని పారాయణ చేసుకుంటున్నాను. ఏదో పని మీద నరసన్నపేట వెళ్ళిన మావారు గుమ్మం ముందు ఆటో దిగారు. భుజాన బస్తా.

“ఒసే, ఇలా రా! ఇరవై కిలోల ఉల్లిపాయలు. సగం ధరకే ఇచ్చేశాడు. కొంచెం తడిసినాయి, అంతే.”

“ఏటండీ, ఈ రోజు ఏటో తెలుసా?”

“తెలుసు. ఉల్లిపాయలు సవకైన రోజు.”

“కార్తీకం వచ్చీసింది. పెళ్ళయిన కాణ్ణించి ఈ నెల మనింట్లో ఉల్లి తరగలేదు.”

ఆయన బస్తా కేసి చూశారు, నా కేసి చూశారు.

“ఈ ఒక్క ఏడాదికి వండీయలేవేటి? దేవుడికి తెలీదా, ధరలెలాగున్నాయో!”

“ఆయనకి అన్నీ తెలుసు. మీకే తిథి తెలీలేదు” అన్నాను మెల్లగా.

తడిసిన ఉల్లిపాయలు బస్తాలో ఉంటే కుళ్ళిపోతాయి కదా. హాలంతా నా పాత చీరలు పరిచి ఆరబోశారు. నేను గదిలోంచి అడుగు బయట పెడితే చాలు, ఫ్యాను ఆపేసే మనిషి. మధ్యాహ్నం నుంచి ఉల్లిపాయలకు మాత్రం ఫుల్లు స్పీడులో ఫ్యాను తిరుగుతూనే ఉంది. మేమిద్దరం వీధి అరుగు మీద విసనకర్రలతో కూర్చున్నాం. నా పారాయణ కూడా అక్కడికే మారింది.

శ్రీకాకుళంలో కార్తీకం పాటించని వారెవరైనా ఉంటే చెప్పండి. ఉల్లిపాయలు కొన్న ధరకే ఇచ్చేస్తారట. బస్సులో లగేజీ టిక్కెట్టు, ఆటో ఛార్జీ అదనం.