ఐలేశం కొనని లాప్‌టాప్

తెలంగాణ వచ్చిన మరుసటేడు ఎండాకాలంల, నల్గొండల ఒక కంప్యూటర్ల దుకాణంల ఐలేశం కొట్లాట గెలిచిండు. గెలుస్తుంటే హనుమమ్మ కండ్లార సూసింది. దుకాణపాయిన ఆమెను తిరిగే కుర్చీల కూసోపెట్టిండు. కాళ్లు నేలకు అందక ఆమె అటు తిరిగిపోయినప్పుడల్లా కొట్లాట కనబడకపోయేది. అప్పుడు చెవులతోని విన్నది.

ఐలేశం ఆమెకు మరిది. పోచంపల్లిల ఒక్క వాకిట్ల రెండర్రలు ఆమెయి, మూడర్రలు ఆయినయి. ఆమె పెనిమిటి పోయిన కాంచి ఏ పనికి టౌనుకు పోయినా "వదినె, నువ్వు గూడ రా" అని ఎంట తోల్కపోయేటోడు. చూసినోళ్లు దాన్ని మర్యాద అనుకున్నరు. ఆయిన గెలిచేటప్పుడు సూడనీకె ఒక మనిషి కావాలె, గంతే.

దుకాణపు విజేందర్ ఐలేశం అత్తగారి ఊరోడు, నెమ్మది మనిషి. ఒక లాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టిండు. పక్కన గుండీ ఒత్తితే, దవాఖానల డాక్టరుకు నాలుక సూపెట్టినట్టు, చిన్న పళ్లెం బయటికొచ్చింది.

"సూడు కాకా. నీ డిస్కు ఇండ్ల పెట్టుడు, లోపటికి నూకుడు. అయిపాయె."

ఐలేశం అంగీ జేబుల నుంచి నాలుగు మడతల పేపరు ముక్క తీసిండు. "గిది సదువు. కొత్త రకం డిస్కు వస్తాందట. ఒక్కదాంట్ల వంద జీబీ పడతదట. నీ పళ్లెం దాన్ని సదువుతదా?"

"సదవది కాకా. గది ఇంక మన దిక్కు రానేలేదు. లాప్‌టాప్‌లకు రానీకె జర టైం పడతది."

"అంటే రేపు పాతదయ్యేదాన్ని ఇయ్యాల నాకు అంటగడుతున్నవా?"

"రేపటికి అన్నీ పాతయే అయితయి గద కాకా!"

"ఇగో, నీ నోటితోనే ఒప్పుకున్నవ్. వదినె, ఇన్నవా?"

హనుమమ్మ గోడ దిక్కు తిరిగి ఉన్నది. ఇన్న అన్నట్టు తలకాయ ఊపింది.

ఐలేశం ఇంక ఆగలే. ముందుగాల ఫ్లాపీలంటే ఫ్లాపీలు కొన్ననన్నడు. రెండేండ్లు తిరుగకముందే ఫ్లాపీ దూర్చే సందు లేని కంప్యూటర్లు తెచ్చి పెట్టిన్రన్నడు. సీడీలంటే సీడీలకు ఎక్కిచ్చిననన్నడు. "ఎన్నడు సూడు మీరు ముందట, నేను మీ ఎనక ఉరుకుడు. గీసారి నేనే ముందుకు పోయి నిలవడుత. మీరే వచ్చి నన్ను కలువాలె!" అరగంటల ఇద్దరు గిరాకులు లేచిపోయిన్రు. మూడో గిరాకి లేస్తుంటే విజేందర్ చేతులు జోడించిండు.

"నీదే కరెక్టు కాకా. గీ పాతది నీకు సూపెట్టుడే నాది తప్పు. కొత్తది వచ్చిన్నాడు మొదటి ఫోను నీకే."

చాయ గూడ తాపిండు. ఐలేశం ఉత్త చేతులతోని, పెండ్లిల ముందట నడిచే పెండ్లికొడుకు తీరు బయటికొచ్చిండు. బస్సుల కిటికీ పక్కన కూసోని అన్నడు: "సూసినవా వదినె, ఎట్ల దిగొచ్చిండో!"

"సూసిన. లాప్‌టాప్ ఆయినకాడ ఉన్నది, గెలుపు నీకాడ ఉన్నది. ఇంటికి పోయి గెలుపుల డిస్కు పెట్టుకో."

అదేదో ఆయిన ఇనలే. గెలిచిన దినం ఆయినకు చెవులు పనిచెయ్యవు.

ఆ డిస్కుల సంగతి ఏందంటే, ఐలేశం నాయిన రామచంద్రం చీరెల మీద వచ్చే పూలు, కొంగులు, అంచులు గళ్ల కాయితం మీద గీసేటోడు. గీసింది సూసుకుంట నూలుకు గుర్తులు పెట్టి, గుర్తున్నకాడ సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు పీలికలతోని కట్టి, రంగుల ముంచుతరు. కట్టినకాడికి రంగు పోదు. ఇప్పినంక తెల్లగ మెరుస్తది. నూటికి పైన కాయితాలు గీసి పెట్టిపోయిండు. చేనేత సంఘంల కంప్యూటరు నేర్పనీకె వచ్చిన ఒక పిల్ల నెల దినాలు కూసోని అన్నిటిని పన్నెండు డిస్కులల్ల ఎక్కిచ్చి ఇచ్చింది. ఆ మురిపెంల కాయితాల దిక్కు ఎవ్వరు సూడలే. చెదలు సూసినయి. ఇంట్ల ఉన్న పాత కంప్యూటరు ఒకనాడు పిడుగుకు కాలిపోయింది. ఇగ ఆ ఇంటి పెద్దమనిషి గీసిందంత పన్నెండు పళ్లేలల్లనే ఉన్నది, ఆ పళ్లేలను సదివేది ఇంట్ల లేదు.

తెలివిగల్లోడైతే విజేందర్ చూపెట్టిందే కొనుక్కొని అన్నీ ఒకసారి తీసిపెట్టుకుంటుండె. ఐలేశం అంతకన్న తెలివిగల్లోడు.

ఉగాదికి ఒకసారి, దసరకు ఒకసారి నల్గొండకు ఫోను చేసేటోడు. "విజేందర్, వచ్చిందా?" "రాలే కాకా." "రానీ, తొందర లేదు. నేనున్న." దసర ఎనక దసర పోయింది. పేపరు ముక్క మడతలకాడ చినిగి నాలుగు ముక్కలైతే, నాలుగిటిని అన్నం మెతుకులతోని అట్టకు అతికిచ్చుకున్నడు. కరోనా ఏడు ఇంట్ల ఒక్కడే కూసోని గూడ మూతికి మాస్కు కట్టుకోని ఫోను చేసిండు.

నడుమ ఒకసారి విజేందర్ మెల్లగ చెప్పిండు: "కాకా, కొత్త లాప్‌టాప్‌లకు డిస్కు పళ్లెమే వస్తలేదు. సందే తీసేసిన్రు."

వేరేటోళ్లైతే గుండె పట్టుకుందురు. ఐలేశం తొడ కొట్టిండు. ఉరికి వదినె అర్రలకు వచ్చిండు.

"దగ్గరికొచ్చింది వదినె! పాత సందు తీసేస్తున్నరట!"

"తీసేస్తే సంబురమేంది?"

"నీకు మగ్గం ముచ్చట నేను చెప్పాల్నా? పాత పడుగు కోసినంకనే గద కొత్త పడుగు ఎక్కిస్తం? నడుమ నాలుగొద్దులు మగ్గం ఉత్తగనే ఉంటది. ఇప్పుడు గా నాలుగొద్దులు నడుస్తున్నయి."

హనుమమ్మ మూడో తరగతి సగం దాకనే సదివింది, ఆ సగం గూడ పంతులు మంచోడు కాబట్టి. అయినా పెద్ద పెద్ద కంపెనీలోళ్లు పోచంపల్లి మగ్గం సూసి లాప్‌టాప్‌లు తయారు చెయ్యరని ఆమెకెరుకనే. చెప్పలే. అడుగనిది చెప్పుడు ఆమెకు మొదటిసంది అలవాటు లేదు. ఆ నాలుగొద్దులు నాలుగేండ్లైనయి.

ఈలోపల ఐలేశం కొడుకు గిరికి పెండ్లైంది. కోడలు నిరోష డిగ్రీ సదివిన పిల్ల, లాప్‌టాప్ ఎంటబెట్టుకొనే వచ్చింది. దానికి సందు లేదు. ఐలేశం దాన్ని నాలుగు దిక్కుల తిప్పి, బోర్లేసి, పాలిస్తదా లేదా అని గొడ్డును సూసినట్టు సూసిండు.

"మామా, బయట పెట్టుకునే డిస్కు డబ్బా దొరుకుతది. వైరుతోని తగిలిచ్చుడే. ఆర్డరు పెట్టనా?"

"బయట డబ్బానా? మగ్గం మనింట్ల పెట్టి తొక్కుడు చెక్కలు సిద్దయ్య ఇంట్ల పెడితే చీరె నేసుడైతదా బిడ్డా? అసలుదే వస్తాంది, ఆగు."

నిరోష పెద్దత్త దిక్కు సూసింది. హనుమమ్మ బియ్యంల రాళ్లు ఏరుకుంట "నన్ను సూడకు. ఆయిన గెలుస్తున్నడు" అన్నది.

సిద్దయ్య గూడ నేసేటోడే, ఇల్లు ఎనక గల్లిలనే. అసలు తంట ఆయిన పెట్టిండు. నిరుడు మాఘంల సంఘంల నోటీసు అంటుకున్నది. పాత డిజైన్లు ఏ ఇంటోళ్లు గీసినయో ఆ ఇంటి పేరు మీద బుక్కుల ఎక్కిస్తరట. పదిహేను దినాలల్ల గీసిన కాయితమో, నేసిన గుడ్డనో తెచ్చి చూపెట్టాలె. సిద్దయ్య ఆ పొద్దే పోయి, గడియారం కొంగు మా నాయినది అని నోటిమాట చెప్పి వచ్చిండు. ఇంకెవ్వరు రుజువు తేకుంటే అది ఆయినదే.

గడియారం కొంగు రామచంద్రంది. ఆయిన ఒకసారి నల్గొండకు పోయి చౌరస్తాల పెద్ద గడియారం సూసి వచ్చి, మూడు దినాలు అన్నం మీద ధ్యాస లేక గీసిండు. ఆ కొంగు చీరె ఆ దినాలల్ల పట్నంల బాగ నడిచింది. నేసినయన్నీ అమ్ముడుపోయినయి. ఇంట్ల ఒక్క పీలిక గూడ మిగల్లే.

ఐలేశం ఆ ముచ్చట ఇని వాకిట్ల కూలబడ్డడు. ఎప్పటి తీరు అరుస్తడేమోనని హనుమమ్మ సూసింది. అరువలే. జర సేపటికి లేచి, కోడలి ముందట నిలవడి, గోడకు చెప్పినట్టు చెప్పిండు: "గా బయట డబ్బానే తెప్పియ్యి బిడ్డా."

డబ్బా నాలుగు దినాలకు వచ్చింది. నిరోష వైరు తగిలిచ్చి "డిస్కులు తే మామా" అన్నది. ఐలేశం సందుగ పెట్టె అడుగున నుంచి మూట తెచ్చి ఇప్పిండు. పిల్ల నోరు తెరిచింది. పన్నెండు డిస్కులకు పన్నెండిటికి సైకిల్ ట్యూబు పీలికలు, సందు లేకుంట, వరుసగ, గట్టిగ, నూలుకు కట్టినట్టే కట్టి ఉన్నయి.

"ఇదేంది మామా?"

"దుమ్ము పోకుంట కట్టిన. రబ్బరు కట్టినకాడికి మరిగే రంగే పోదు, దుమ్మెట్ల పోతది?"

దుమ్ము పోలే, నిజమే. పదేండ్ల ఎండాకాలాలు మాత్రం పోయినయి. రబ్బరు కరిగి బెల్లం పాకం తీరు డిస్కులకు అంటుకున్నది. ఐలేశం ఆగలేడు గద, మీదిదాన్ని పట్టుకోని పీలిక సర్రున గుంజిండు. పీలిక వచ్చింది. దాని ఎంట డిస్కు మీది మెరిసే ఎండితొడుగు గూడ వచ్చింది. డిస్కుల నుంచి అవతల వాకిలి, వాకిట్ల కోడి, అన్నీ మంచిగ కనబడ్డయి.

"ఆగు మామా, ఆగు! గుంజకు!"

అప్పుడు హనుమమ్మ లేచి లోపటికి పోయి కొబ్బరినూనె సీసా తెచ్చి పెట్టింది. జిగురు పోనీకె ఏం రాయాల్నో పనసకాయ కోసిన చేతులకెరుకనే. మిగిలిన పదకొండిటికి నూనె రాసి, నానబెట్టి, పీలిక ఎనక పీలిక మెల్లగ ఒలిచిన్రు. సబ్బునీళ్లతోని కడిగి, మెత్తటి గుడ్డతోని తుడిచి, నిరోష ఒక్కొక్కటే డబ్బాల పెట్టింది. డబ్బా పిండిగిర్ని తీరు గుర్రుమన్నది. చేపల అంచు వచ్చింది. మల్లెమొగ్గల కొంగు వచ్చింది. పెద్దమనిషి చేతిరాతతోని అంకెలు గూడ కనబడ్డయి. ఒకటొకటి వస్తుంటే ఐలేశం చేతులు కట్టుకోని గుడిల నిలవడ్డట్టు నిలవడ్డడు. పదకొండు తెరుసుకున్నయి.

పదకొండిట్ల గడియారం లేదు.

అది గుంజిన దాంట్లనే ఉన్నది. ఐలేశం దాన్ని తీసుకపోయి ఎలుతురుకు పెట్టి సూసిండు. అవతల కోడే కనబడ్డది.

ఆ దినం, మరునాడు ఆయిన ఆ డిస్కు ముందటనే కూసున్నడు. విజేందర్ తనంతట తనే ఫోను చేస్తే గూడ ఎత్తలే. నోటీసు గడువు ఇంక ఐదు దినాలు. సిద్దయ్య మాత్రం పని లేకున్నా ఆ వాకిలి ముందట నుంచి రెండుసార్లు పోయి "ఏం ఐలేశం, గడియారం ఎన్ని కొట్టింది?" అని నవ్విండు. హనుమమ్మ గడపల నిలవడి "మీ నాయినకు పొద్దు సూసుడే రాకపాయె, గడియారం ఎట్ల గీసిండు సిద్దయ్యా?" అన్నది. ఆయిన మూడోసారి ఆ తొవ్వల రాలే.

కని తన అర్రలకు పోయి కూసున్నంక ఆమెకు నవ్వు రాలే. ఎవ్వరికి చెప్పని సంగతొకటి ఆమె దగ్గరున్నది. మామ రామచంద్రం గీసిన గడియారం కాయితం మీద చక్కగనే ఉండె. మొదటిసారి నేసి సూస్తే కోడిగుడ్డు తీరు వచ్చింది. రెండోసారి వంకాయ తీరు వచ్చింది. మామకు కోపమొచ్చి కాయితం మూలకు పారేసిండు. అప్పటికి ఆమె ఆ ఇంటికి వచ్చి ఏడాది. రోజుకు వెయ్యి కట్లు కట్టే చెయ్యి. ఎవ్వరికి చెప్పకుంట అంచులకాడ రెండు కట్లు తగ్గిచ్చి, నడుమ మూడు పెంచి కట్టింది. మూడోసారి గడియారం గుండ్రంగ వచ్చింది. మామ మురిసి, ఆ పాత కాయితాన్నే తీసి దులిపి దాచిపెట్టుకున్నడు. డిస్కులకు ఎక్కింది గా కోడిగుడ్డు కాయితమే. డిస్కు బాగున్నా, వంద జీబీది వచ్చినా, నేస్తే వచ్చేది కోడిగుడ్డే. గుండ్రం ఆమె వేళ్లల్ల ఉన్నది. పదేండ్లు ఆ డిస్కుల కోసం నల్గొండ దాక ఫోన్లు పోయినయి, పక్క అర్రకు ఒక్క మాట రాలే.

ఇప్పుడు గూడ పోయి చెప్పొచ్చు. లేవబోయింది. మల్ల కూసున్నది. మామ అడుగలే, పెనిమిటి అడుగలే. ఈయిన గూడ అడుగకపోతే గడియారం సిద్దయ్య ఇంటికే పోనీ అనుకున్నది. అనుకున్నదే గని, మనసున పట్టలే. వేళ్లు ఊకెనే ఒళ్లో కొంగు చివర పట్టుకోని కట్లు లెక్కపెడుతున్నయి.

మూడోనాడు పొద్దుగాల ఐలేశం గడపకాడికి వచ్చి, లోపటికి రాక, చెప్పులు ఇడిసి, మల్ల తొడుక్కోని, మల్ల ఇడిసి నిలవడ్డడు.

"వదినె."

"ఊఁ."

"నాయిన గీసింది మొదలు కోడిగుడ్డు తీరు వచ్చింది గద."

ఆమె తలకాయ ఎత్తింది. "నీకెట్ల ఎరుక? నువ్వప్పుడు చెడ్డీ మీద గోలీలాడుతుంటివి."

"గోలీలాడుకుంట సూసిన. నువ్వు కట్లు మార్చింది సూసిన. నాయినకు చెప్తే నిన్ను తిడతడని చెప్పలే. తర్వాత... గెలుచుడుల పడి మరిసిన."

ఐలేశం లోపటికి వచ్చి, చాప మీద కాదు, నేల మీద కూసున్నడు. ఆయిన అట్ల కూసోంగ ఆమె ఎన్నడు సూడలే.

"నువ్వు వచ్చి మా అర్రల కూసోవాలె వదినె. ఎన్ని కట్టాల్నో, ఎన్ని ఇడిసిపెట్టాల్నో ఒక్కొక్క వరుస చెప్పు. నిరోష లాప్‌టాప్‌ల గళ్లు గీసి ఎక్కిస్తది, కాయితం మీద తీసి సంఘంల పెడదం. మూడు దినాలే ఉన్నది. గీసింది నాయిన, గుండ్రం చేసింది హనుమమ్మ అని సంఘంల నేనే చెప్త, అక్కడ ఎవ్వలడ్డమొచ్చినా కొట్లాడుత. ఒక్కటే, చెప్పేటప్పుడు నన్ను తిట్టుడు జర ఆపుకో. పోరి నువ్వు ఏది చెప్తే అది, తిట్టు గూడ, ఎక్కిస్తది."