నూజివీడు తోటల మధ్య షుగర్ ఎలుకల గది

నేను పాస్టరుగా ఉన్న సంఘంలో సుజాతమ్మకి కవల ఆడపిల్లలు, షారోను, సలోమి. ఒకే అచ్చు, తల్లే ఒక్కోసారి తడబడుతుంది. పోయినేడు షారోనుకి షుగర్ బయటపడింది. రోజూ ఇన్సులిన్ సూదులే. "సలోమిని దేవుడు తప్పించాడని ఆదివారం సాక్ష్యం చెప్పుకుంటానయ్యగారూ, మీరు ఆమెన్ అనండి చాలు" అంది సుజాతమ్మ. తెలియని దానికి దేవుడి పేరున జామీను ఉండటానికి భయమేసింది. నూజివీడు తోటల మధ్య ఒక ప్రైవేటు ల్యాబులో నా మేనకోడలు రూతు ఈ జబ్బు మీదే పనిచేస్తోంది. మామిడికాయలు దిగే రోజుల్లోనే బయల్దేరాను.

హనుమాన్ జంక్షన్‌లో పొద్దున్నే బస్సెక్కితే గంటలోపే నూజివీడు. అక్కడి నుంచి విస్సన్నపేట రోడ్డులో ఆటో, రానూపోనూ మూడొందలకి కుదిరింది. ఒక తోటలో పచ్చని చెట్ల మధ్య ఒక్కటి నిలువునా ఎండి ఉంది. పురుగా అని అడిగాను.

"ఏమోనండి. అన్నీ ఒకే తల్లిచెట్టుకి కట్టిన అంటుమొక్కలేనండి, నీళ్లూ ఒకటే. మీరు ప్రార్థన చేసేవాళ్లు కదండీ, అడిగి చెప్పండి" అని నవ్వాడు డ్రైవరు.

ల్యాబులో రూతు నాకు గౌను, మాస్కు తొడిగించి, చేతిలోని పరిశుద్ధ గ్రంథం వైపు చూసింది. "అది బయట పెట్టాలి మావయ్యా. దుమ్ము లోపలికి రాకూడదు."

"వాక్యం దుమ్మా?"

"వాక్యం కాదు మావయ్యా, దాని అట్ట."

గ్రంథం లేకుండా ఏ గుమ్మమూ దాటినవాణ్ని కాను. చెయ్యి నాది కానట్టు వేలాడింది.

లోపల చలి. గోడల నిండా ప్లాస్టిక్ పెట్టెలు, వాటిలో ఎర్ర కళ్ల తెల్ల చిట్టెలుకలు. తరతరాలుగా తోబుట్టువుల్నే జతకట్టించి, అన్నీ ఒకే అచ్చుగా పెంచినవట. ఒక్క ఎలుకే అన్ని పెట్టెల్లోంచీ నన్ను చూస్తున్నట్టుంది. వీటికీ షారోను లాంటి షుగరే వస్తుందని, ఒంటికి కాపలా కాసే కణాలే తిరగబడి ఇన్సులిన్ చేసే కణాల్ని చంపేస్తాయని చెప్పింది రూతు. దీని వెనక ఒక్క జన్యువు కాదు, చాలా జన్యువుల పొత్తు ఉందట. పైగా గది ఎంత శుభ్రంగా ఉంటే జబ్బు అంత ఎక్కువట. శుభ్రత మీద గొంతు చించుకుని ప్రసంగాలు చేసినవాణ్ని నేను.

"అన్నీ ఒకటే అయితే అన్నిటికీ రావాలిగా?"

"రాదు మావయ్యా. అక్కకి వస్తుంది, చెల్లి ముసలిదై చచ్చేదాకా బాగుంటుంది. ఎందుకో పూర్తిగా ఎవరికీ తెలీదు."

"మరి వచ్చిందని ఎలా కనిపెడతావు?"

"విను."

ఎక్కడో టిక్, టిక్. పెట్టెకి తగిలించిన నీళ్ల సీసా గొట్టంలో గోళీ కదులుతోంది. ఒక ఎలుక ఆపకుండా నీళ్లు తాగుతోంది, దాని కింద పరిచిన పొట్టు ఒంటేలుకి తడిసి ముద్దయింది. దాన్ని ఆనుకుని చెల్లెలు నిద్రపోతోంది.

"నిన్నటిదాకా ఈ తాగేదీ దాని చెల్లెలి లాగే బాగుంది" అంది రూతు.

ఆదివారం సుజాతమ్మ సాక్ష్యానికి లేచింది. మందిరం సద్దుమణిగింది. పిల్లల వరసలో స్టీలు నీళ్ల సీసా మూత తిరిగిన చప్పుడు. కాసేపటికి మళ్లీ. సలోమి.

"సాక్ష్యం ఆపు తల్లీ. సంచిలోంచి ఆ షుగర్ మిషను తియ్యి."

"అది షారోనుదండీ."

"సలోమి వేలికి పెట్టు."

షారోను తలెత్తలేదు. "రాత్రంతా తాగుతూనే ఉందండీ. అమ్మకి చెప్పొద్దంది."

మిషన్లో అంకె చూసి సుజాతమ్మ గుప్పిట మూసేసింది. వెంటనే కారు మాట్లాడి ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్లాం. పిల్ల పడిపోకముందే ఇన్సులిన్ అందింది.

తల్లిదండ్రుల పాపమే పిల్లల ఒంట్లో పండుతుందని గర్జించే బోధకులారా, ఆ గదిలో కాసేపు నిలబడి రండి. ఆ ఎలుకల్లో పాపి ఏదో నాకు చూపించండి. నేను మాత్రం ఇప్పుడు ప్రార్థనలో కళ్లు మూస్తే ముందు టిక్ టిక్ వింటున్నాను. ఎండాకాలం పిల్లల్ని తోటలకి తీసుకెళ్లేవాళ్లకి ఒకటే సలహా: బిడ్డ చిక్కిపోతూ, ఆగకుండా నీళ్లు తాగుతూ, మాటిమాటికీ ఒంటేలుకి పోతుంటే ఎండ వల్ల అనుకోకండి. ఆ రోజే వేలి రక్తం పరీక్ష చేయించండి. ప్రార్థన దారిలో చేసుకోవచ్చు.