ఇప్పనూనె పోసిన జేబుగడియారం

నిన్న గీదం సంతలో ఒకాయన గోనెపట్టా మీద పాత జేబుగడియారాలు పరుచుకుని, అన్నీ తన చేత్తో బాగుచేసినవేనని హిందీలో ఒట్లు వేస్తున్నాడు. గడియారాల మీద ఒట్లు వేసేవాణ్ణి చూస్తే నాకు మా బావే గుర్తొస్తాడు.

మా అక్క మొగుడు కిరందుల్ గనిలో డంపర్లు బాగుచేసే ఫోర్‌మన్. తాటిచెట్టంత టైర్లు విప్పిన చేతులు. ఆ బొటనవేలి గోరు మీద ఓ చిన్న కుటుంబం కాపురం పెట్టుకోవచ్చు. రిటైరయ్యాక ఫోన్లో ఎవరో తెల్లదొర పాత గడియారాలు బాగుచేసే వీడియోలు చూడసాగాడు. మూడో వీడియోకల్లా గడియారాల బ్రహ్మ అయిపోయి, నాలుగో దానిలో దొర చేస్తున్న తప్పులు మాకు చూపించాడు. కంటికి భూతద్దం బిగించుకునే కూరగాయలకు వెళ్లేవాడు. వంకాయలు సిగ్గుపడేవి.

అలాంటి చేతుల్లో పడింది మా మేనత్త గడియారం. పోయిన మామయ్యదది; ఆయన ఈ కిరందుల్ రైలు లైన్లోనే గూడ్సుబండి గార్డు. కాపురమంతా తలగడ పక్కన విన్న ఆ టిక్కుటిక్కు, తన చెవులు బొత్తిగా పోయేలోగా మళ్లీ వినాలని అత్త కోరిక. అప్పటికే చెవులు సగం పోయాయి. నేను జగదల్‌పూర్ పట్టుకెళితే అక్కడి మేస్త్రీ మూత తీసి, ఎండిన నూనె కడిగి కొత్తది వేయాలన్నాడు. చేతినిండా పనుంది, దీపావళి వెళ్లాక రమ్మన్నాడు. అప్పటికింకా చైత్రం. ఇది విని బావ నవ్విన నవ్వుకి పక్క క్వార్టర్లో కుక్క మొరిగింది.

"దీపావళి దాకా ఏటోయ్, దానికేటైనా పెళ్లి ముహూర్తమా? ఇటియ్యి."

విప్పాడు, కడిగాడు. గడియారాల నూనె విదేశీ మోసమనీ, బస్తర్‌లో ఉంటూ ఇప్పగింజల నూనెని కాదనడం పాపమనీ ఉపన్యసించి, పకోడీలు వేగేంత ఇప్పనూనె పళ్లచక్రాలకి పట్టించాడు. అంత మూర్ఖత్వాన్నీ మింగి గడియారం నడిచింది. బావ కాలనీకంతా లడ్డూలు పంచాడు. అత్త మాత్రం ఆ వేసవంతా వరండాలో గడియారం చెవికి ఆనించుకుని కూర్చుంది. భోజనానికి పిలిస్తే వేలెత్తి ఆగమనేది.

మార్గశిరంలో చలి దిగింది. చలికి ఇప్పనూనె నెయ్యిలా పేరుకుంటుందని ఇక్కడ వంటిల్లు చూసిన ప్రతివాళ్లకీ తెలుసు, బావకి తప్ప. గడియారం ఆగిపోయింది. బైలడిలా ఇనపకొండ ముళ్లని లాగేస్తోందన్నాడు. వేసవిలో కొండ సెలవు పెట్టిందా అని అడిగితే, నీకు సైన్సు తెలీదన్నాడు. ఈసారి ఇంజన్ ఆయిల్ డబ్బాతో అత్త ఇంటికి బయలుదేరాడు. నేనూ వెంటపడ్డాను.

అప్పటికి అత్తతో మా మాటలన్నీ చేతిసైగలే. గడియారం ఇమ్మని బావ చెయ్యి చాపాడు. ఆవిడ ఇవ్వలేదు. చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపు విన్నది. కదలని ముల్లు నాకు కనబడుతూనే ఉంది.

"బాగానే ఆడతంది బాబూ. మరి ముట్టుకోకండి."

బావ కొండని ఓడించినవాడిలా నా వంక చూశాడు. ఆ మనిషిని మెచ్చుకోవడం ఈ జన్మలో నా వల్ల కాదు. అయితే జగదల్‌పూర్ మేస్త్రీ దీపావళి వెళ్లాక ఆ గడియారాన్ని దివ్యంగా నడిపించేవాడు, వినడానికి మాత్రం చెవి మిగిలేది కాదు. కాలం పనిమంతుడి తీరిక కోసం ఆగదు. ఒక్కోసారి మూర్ఖుడి తొందరకే చిక్కుతుంది.