పిండి బస్తా మీది పేరు

ఆర్ఫా స్టిడమ్ తన సంతకం కోసం తానే వరసలో నిలబడింది. 1953 ఆగస్టులో, కెంటకీ కొండల్లో మా జిల్లా సంతలో, ఎనిమిది నెలల పిల్లను చంకనేసుకుని.

అంతకు ఏడాది ముందు వరకు, ఐదేళ్లపాటు ప్రతి శనివారం మధ్యాహ్నం మా ఊరి రేడియోలో పాడింది ఆవిడే. వారమంతా చొక్కాల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టి, శనివారం గిటార్ పట్టేది. అయినా ఆర్ఫా అన్న పేరు రేడియోలో ఒక్కసారీ వినపడలేదు. కార్యక్రమం పెట్టించేది తెల్లపావురం గోధుమపిండి కంపెనీ. పిండి బస్తా మీద బొమ్మ పావురం, కాబట్టి పాడే అమ్మాయి పేరు ‘పావురం పాలీ’. గళ్ల గౌను కంపెనీది, ఎర్ర రిబ్బను కంపెనీది, పేరూ కంపెనీదే. గొంతు మాత్రం ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకోవాలి.

అప్పుడు ఆర్ఫాకి ఆరో నెల వచ్చింది. రేడియోలో కడుపు కనపడదు కదా అంటారేమో. ఆవిడా అదే అడిగింది.

“పాలీకి పెళ్లి కాలేదమ్మా,” అన్నాడు కార్యక్రమం నడిపే క్లీటస్ వార్నీ. “పెళ్లికాని పిల్లకి కడుపేంటి? పిండి కొనే ఇల్లాళ్లు ఏమనుకుంటారు?”

“నాకు పెళ్లయిందిగా సార్. మా ఆయన మీకు తెలుసు.”

“నీకయింది. పాలీకి కాలేదు.”

ఆర్ఫా గౌను ఉతికి, ఇస్త్రీ చేసి, అప్పగించి వచ్చేసింది. మరుసటి శనివారం అదే గౌనులో ఇంకో పాలీ ఆర్ఫా కట్టిన పాటే పాడింది. గని నుంచి వచ్చే మొగుడి దగ్గు దూరం నుంచే విని పొయ్యి వెలిగించే ఇల్లాలి పాట అది. గ్రామఫోను రికార్డు మీద మాత్రం ఆ పాట రాసింది క్లీటస్ వార్నీ అని వేశారు. ఆయన గనిలోకి ఏనాడూ దిగలేదు. జలుబు చేస్తే మాత్రం వారం సెలవు పెట్టేవాడు.

సంతలో కొత్త పాలీ ఫోటోల మీద సంతకాలు చేస్తోంది. ఫోటోలు మాత్రం పాతవే. ఆర్ఫా ముఖం మీద ‘ప్రేమతో, పాలీ’ అని రాయబోతూ తలెత్తి చూసి, ఆ పిల్ల బిక్కచచ్చిపోయింది.

“అక్కా... నేను...”

“రాయవే పిల్లా, వెనకాల జనం ఉన్నారు. ఇదిగో, రెండో చరణంలో ‘దగ్గు’ ముందు ఊపిరి తీసుకో. మాట మింగేస్తున్నావు.”

వెనకనున్న ముసలావిడ మూతి విరిచింది. “చోద్యం! పాలీకే పాట నేర్పుతోందమ్మా ఈవిడ!”

ఆర్ఫా ఫోటో తీసుకుని ఇంటికొచ్చేసింది. మళ్లీ రేడియో వాళ్లెవరూ పిలవలేదు, ఆవిడా అడగలేదు.

ఇప్పుడావిడకి ఎనభై మూడు. పాత రేడియో భవనం ముందు రాతిఫలకం పెడుతున్నారు: ‘పావురం పాలీ ఇక్కడ పాడింది.’ ఆర్ఫా పేరు వేయండని, ఆవిడ పొరుగింటిదాన్ని, నేను కమిటీ దగ్గరికి వెళ్లాను.

“ముగ్గురు పాలీలు పాడారమ్మా,” అన్నాడు అధ్యక్షుడు. “అందరి పేర్లూ అంటే రాయి చాలదు.”

అదే రాతికి గీసిన నమూనాలో కమిటీవాళ్ల తొమ్మిది పేర్లు పట్టాయి. కంపెనీవారి పావురం బొమ్మ రెక్కలతో సహా పట్టింది.

సంగతి చెబితే, ఆర్ఫా పెనంలో మొక్కజొన్న రొట్టె తిరగేస్తూ అంది: “సమాధి మీద నా పేరు ఎట్లాగూ చెక్కుతారు, నేను చూడను. పాడినచోట చూసుకుని పోదామనుంది.”

ఆ ఇంట్లో ఇన్నేళ్లలో నేను విన్న మొదటి ఫిర్యాదు అది.

రాయి ఇంకా చెక్కలేదు. సెప్టెంబరు మొదటి మంగళవారం కమిటీ కూర్చుంటుంది. ఈలోగా కమిటీకి తలా ఒక పోస్టుకార్డు వేయండి. ఆర్ఫా స్టిడమ్, నోవెల్లా క్రేస్, ఐడా మే కాంబ్స్: మూడు పేర్లూ రాయండి, పాట కట్టింది ఆర్ఫా అని కూడా రాయండి. చోటు చాలదంటే, పావురాన్ని ఎగిరిపొమ్మనండి.