ఎర్ర దట్టి

జగిత్యాల బస్సులో నా పక్కన, కిటికీ దగ్గర కూర్చున్న ముసలి నేతగాడి ఒడిలో ఎర్రబట్ట ఉంది. వాళ్ల వాడలో పీరీల పండుగట.

"పీరీకి దట్టి కడత సారు. నేనే నేసిన. అన్నలకు అన్నం వెట్టిండని నా కొడుకును పోలీసులు వట్టుకపోయి ఎనిమిది దినాలాయె. ఇడువాలని మొక్కిన."

వేములవాడ దాటాక పోలీసులు బస్సు ఆపారు. ఆ ఎర్రబట్టను నక్సలైట్ల జెండా అన్నారు.

"పీరీ దట్టి అయ్యా. గీ సారుకు జెప్పిన, అడుగుండ్రి."

పోలీసు నా వైపు చూశాడు.

"నాకేం తెలియదు" అన్నాను.

పోలీసు ముసలాయనను దిగమన్నాడు. ఆయన లేచి, "జర జరుగుండ్రి సారు" అన్నాడు. మోకాళ్లు పక్కకు జరిపి దారిచ్చాను. ఆయన దిగాడు, బస్సు కదిలింది.

ఇప్పటికీ మా వీధిలో పీరీలు లేస్తే, డప్పులు దాటిపోయేదాకా నేను తలుపు తీయను.