నో క్యారియర్

ఉద్యోగం దొరికితే చాలు, అడవిలో అయినా సరే అని ఆ వయసులో అందరం అంటాం. నేనూ అన్నాను. ఆ మాట పైవాళ్ళెవరో విన్నట్టున్నారు, నిజంగానే అడవిలో వేశారు. భద్రాచలం వైపు పోయే రోడ్డు మీద, రెండు పక్కలా టేకు చెట్లు తప్ప ఇంకేమీ కనపడని ఒక మలుపులో కలప లారీల చెక్‌పోస్టు ఉండేది. అందులో నేను కంప్యూటర్ ఆపరేటర్ని. మాది నేలకొండపల్లి పక్కన చిన్న పల్లె. మా ఇల్లు ఒకరి మాట ఒకరికి వినపడనంత గోలగా ఉండేది. కాస్త నిశ్శబ్దం దొరికితే ఎంత బాగుండు అని డిగ్రీ చదివినన్నాళ్ళూ అనుకునేవాణ్ణి. (కోరిక కోరుకునేటప్పుడు కొలత కూడా చెప్పాలని అప్పటికి తెలియదు.)

పని చాలా తేలిక. జామాయిల్ కర్ర వేసుకుని లారీ వచ్చి గేటు ముందు ఆగుతుంది. డ్రైవరు దిగి కిటికీలోంచి పర్మిట్ కాగితం అందిస్తాడు. దాని మీది నంబరు నేను కంప్యూటర్‌లో కొడతాను. అది ఎక్కడికో వెళ్ళి, నిజమైన పర్మిటే అని తేల్చుకుని వస్తుంది. ప్రింటరు ఒక స్లిప్పు కక్కుతుంది. దాని మీద ముద్ర గుద్ది ఇస్తే గార్డు గేటు ఎత్తుతాడు, లారీ పోతుంది. ఇదంతా టీ చల్లారేలోపు అయిపోయేది. ఆ కిటికీ కట్టినవాడెవడో గానీ మరీ కిందకి కట్టాడు. కుర్చీలో కూర్చుంటే నాకు డ్రైవర్ల చేతులే తప్ప ముఖాలు కనపడేవి కావు. ఉంగరాన్ని బట్టీ, పచ్చబొట్టును బట్టీ మనుషుల్ని గుర్తుపట్టేవాణ్ణి. "ఊ" అంటే ఇవ్వమని, "అవ్" అంటే అందిందని. మా సంభాషణ అంతవరకే.

ఇక మిగిలిన మనిషి గార్డు బాబాయ్. దగ్గర్లోని కోయగూడెం ఆయనది. సన్నగా, నిటారుగా ఉండేవాడు. రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే అందులో రెండు గేటుతోనే. కానీ ఇంటి నుంచి ఫోన్ వస్తే మాత్రం ఆయన వేరే మనిషి. వాళ్ళ భాషలో గలగలా మాట్లాడేవాడు, కడుపుబ్బా నవ్వేవాడు. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా ఏదో పని ఉన్నట్టు వెళ్ళి ఆ దగ్గర్లో నిలబడేవాణ్ణి, మనిషి నవ్వు వినపడుతుంది గదా అని. మా అమ్మ ఫోన్ చేస్తే గేటు స్తంభం పక్కన తప్ప సిగ్నల్ ఉండేది కాదు. "ఏం కూర వండుకున్నవ్ రా?" అనేది. రోజుకొక కూర పేరు చెప్పేవాణ్ణి. ఊళ్ళో పెళ్ళి భోజనాలు తలుచుకుని మరీ చెప్పేవాణ్ణి. నిజానికి తినేది పచ్చడి మెతుకులు.

మాట్లాడేవాళ్ళు లేకపోతే మనిషి వస్తువులతో మొదలుపెడతాడు. నేను కంప్యూటర్‌తో మొదలుపెట్టాను. అది లైనక్స్ కంప్యూటర్. నల్ల తెర మీద కమాండ్లు కొడితే తెల్ల అక్షరాల్లో జవాబిచ్చే రకం. ఖమ్మంలో కొన్ని నెలలు కోచింగ్ తీసుకున్నాను కాబట్టి దాని లోతుపాతులన్నీ నాకు తెలుసని నా నమ్మకం. తెర మీద వచ్చిన ప్రతి ముక్కా పైకి చదవడం, దానికి నేను బదులు చెప్పడం అలవాటైపోయింది.

ఒక రోజు పొద్దున్నే మొదటి లారీ వచ్చింది. నంబరు కొట్టాను. పేజీ తెరుచుకోలేదు. మళ్ళీ కొట్టాను. నెట్‌వర్క్ అందుబాటులో లేదని తెర చెప్పింది. "అందకపోతే అందేలా చేద్దాంలే" అని దానికి ధైర్యం చెప్పి, నెట్‌వర్క్ సర్వీసును ఆపి మళ్ళీ మొదలుపెట్టాను. కంప్యూటర్ మొత్తాన్ని ఆపి మొదలుపెట్టాను. ఇంకో లారీ వచ్చి వెనక ఆగింది. దాని వెనక ఇంకొకటి. నాకు పౌరుషం వచ్చింది. సెట్టింగుల్లోకి దిగి, కంప్యూటర్ ప్రతిసారీ తనంతట తాను అడిగి తెచ్చుకునే నెట్‌వర్క్ అడ్రస్‌ను తీసేసి, కోచింగ్‌లో నేర్పిన ఒక అడ్రస్‌ను నా చేత్తో రాశాను. ఎందుకు రాశానంటే, రాయడం వచ్చు కాబట్టి. అంతకు మించి కారణం లేదు.

"ఏంది సారూ, ఇంత లేటు అయితున్నది?" అని కిటికీలోకి వంగి ఒకాయన అడిగాడు. ఇంతకాలం నాకు రాగి ఉంగరంగా మాత్రమే తెలిసిన మనిషి. చూస్తే పెద్ద పెద్ద మీసాలు. నెట్ పోయిందన్నాను.

"పోతే చేత్తో రాసియ్యరాదు?"

"చేత్తో రాస్తే చెల్లదన్నా. ముందు చెక్‌పోస్టుల ఆపేస్తరు."

మీసాలాయన వెనక్కి వెళ్ళి ఆ సంగతి అందరికీ చెప్పాడు. ఇంజిన్లు ఆగిపోయాయి. ఒక్కొక్కరే దిగి వచ్చి నా కిటికీ ముందు వంగడం మొదలుపెట్టారు. వాళ్ళలో పెనుబల్లి నుంచి వచ్చిన ఒక డ్రైవరు మాత్రం కుదురుగా నిలబడలేకపోతున్నాడు. "ఎంతసేపు పడుతుందండీ? సాయంత్రం మా అక్క కూతురికి ఓణీల ఫంక్షను. సారపాకలో లోడు దింపేసి పోవాలి. మేనమామని నేనొక్కణ్ణే. నేను పోకపోతే పిల్లని పీట మీద కూర్చోబెట్టరండీ" అన్నాడు. ఆ క్షణం నుంచి ఆయనకు అక్కడ మేనమామ అనే పేరు స్థిరపడిపోయింది. కేబిన్‌లో పట్టు లంగా, ఓణీ ఉన్న సంచీ వేలాడుతోంది. అందరూ వెళ్ళి దాన్ని చూసి వచ్చారు.

నేను మళ్ళీ తెర మీద పడ్డాను. ఈసారి సరైన కమాండే కొట్టాను. నెట్‌వర్క్ కార్డు పేరు, దాని పక్కన ‘నో క్యారియర్’ అని వచ్చింది. వైరులో అవతలి నుంచి ఏ సంకేతమూ రావడం లేదని దాని అర్థం. అలవాటు కొద్దీ పైకే చదివాను. "నో క్యారియర్ అంట. క్యారియర్ లేదా? క్యారియర్ ఎందుకు లేదు?"

మీసాలాయన కిటికీ దగ్గరే ఉన్నాడు. "ఏందీ, క్యారియర్ తెచ్చుకోలేదా? పొద్దుగాల నుంచి ఏం తినలేదా తమ్మీ?"

"అది కాదన్నా, ఇది కంప్యూటర్..."

"కంప్యూటర్ ఎటు పోతది. మనిషి తినకుంటే బుర్ర ఎట్ల పని చేస్తది?" అని వెనక్కి తిరిగి కేకేశాడు. "ఆపరేటర్ సారుకు క్యారియర్ లేదంట. మీ దగ్గర ఏమున్నయో తీయుండ్రి."

రెండోసారి సరిదిద్దుదామని నోరు తెరిచాను గానీ, అప్పటికే గోంగూర వాసన వచ్చింది. నోరు తెరిచిన పని వేరే అయిపోయింది. లారీ నీడలో గోనెపట్టా పరిచారు. ఒకరి క్యారియర్‌లో పప్పుచారు, ఒకరి దాంట్లో ఎండుచేపల కూర, ఇంకొకరిది గుడ్డు పులుసు. నలుగురి మధ్యలో కూర్చుని అన్నం తిని నాకు ఎన్ని నెలలయిందో. మీసాలాయనది కుసుమంచి. "మీదే ఊరు, మీ నాయన పేరేంది, మీ అమ్మ ఎవరి బిడ్డ" అని అడుగుతూ అడుగుతూ, చివరికి మా చిన్నమామ ట్రాక్టరు కొన్నది తన దగ్గరేనని తేల్చేశాడు. "ఇంత పల్చగున్నవేంది, వండుకుంటలేవా?" అన్నాడు. అమ్మకు చెప్పినట్టు పెళ్ళి కూరల పేర్లు ఆయనకు చెప్పలేకపోయాను. తల వంచుకుని ఇంకో ముద్ద కలుపుకున్నాను. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. (ఎండుచేపల కూరలో కారం కూడా ఎక్కువే, అది కూడా చెప్పాలి.) అప్పుడు కనపడ్డాడు మేనమామ. తినకుండా, రోడ్డు మధ్యలో నిలబడి గేటు అవతలికి చూస్తున్నాడు. కలుపుకున్న ముద్ద అలాగే వదిలి లేచాను.

చెయ్యి కడుక్కుని గేటు స్తంభం దగ్గరికి పోయి హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. అవతల ఒకాయన చాలా మర్యాదగా, సిస్టం వెనక వైరు దూర్చే చోట చిన్న లైటు వెలుగుతుందేమో చూడమన్నాడు. ఫోన్ స్తంభం దగ్గర, సిస్టం గదిలో. పరుగెత్తి చూసి, పరుగెత్తుకొచ్చి వెలగట్లేదన్నాను. తీసి మళ్ళీ పెట్టమన్నాడు. మళ్ళీ పరుగు. వెలగలేదు. "అయితే వైరు పోయి ఉండాలి, లేకపోతే అవతలి బాక్స్ పోయి ఉండాలి. రేపు మనిషిని పంపిస్తాం సార్" అని పెట్టేశాడు. వెనక్కి తిరిగితే మేనమామ. రేపు అన్న మాట ఆయనకూ వినపడింది. "లారీ వదిలి బస్సుకి పోతే ఓనరు ఊరుకోడండీ. సంచీ అయినా ఎవరితోనన్నా పంపాలి" అన్నాడు. పొద్దుటి నుంచి నేను ఆ తెరతోనే మాట్లాడుతున్నాను గానీ వైరు వైపు ఒక్కసారైనా చూడలేదని అప్పుడు తోచింది.

కంప్యూటర్ వెనక నుంచి నీలం రంగు వైరును చేత్తో పట్టుకుని బయలుదేరాను. నా వెనక మీసాలాయన, ఆయన వెనక మిగిలిన డ్రైవర్లు, అందరికంటే వెనక గార్డు బాబాయ్. ఊరేగింపులా ఉంది. వైరు వెంటిలేటరులోంచి బయటికి పోయి, వెనక వరండా స్తంభాల మీదుగా, ఆ చివర గార్డు గదిలోని నెట్ బాక్స్‌కు పోవాలి. వరండాలోకి తిరగగానే అందరం ఆగిపోయాం. రెండు స్తంభాల మధ్య వైరు కిందికి ఉయ్యాలలా వంగి ఉంది. దాని మీద, నీళ్ళు ఓడ్చుకుంటూ, ఎర్ర గళ్ళ రగ్గు ఒకటి ఆరేసి ఉంది.

"ఎవరిదీ రగ్గు?" అన్నాడు మీసాలాయన.

అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. గార్డు బాబాయ్ నేల చూస్తున్నాడు. రగ్గు నాది. కాదనడానికి లేదు, మూల మీద మా అమ్మ కుట్టిన నా పేరు కూడా ఉంది. "నాదే" అన్నాను.

ఆ అడవిలో అంత నవ్వు అంతకుముందు ఎవరూ విని ఉండరు. "నెట్‌కు చలి పెడుతున్నదని కప్పినవా తమ్మీ?" అని ఒకరు, "ఖమ్మం నుంచి ఇంజినీరు అక్కర్లేదు, చాకలాయన చాలు" అని ఇంకొకరు. మేనమామ కూడా నవ్వాడు. నేను బాక్స్ దగ్గరికి పోయి చూశాను. చూడ్డానికి వైరు దాని చోట అది బుద్ధిగా ఉంది. వేలితో ముట్టుకుంటే ఊగింది. తడి రగ్గు బరువుకు అది కాస్త వెనక్కి జరిగింది, దాన్ని పట్టి ఉంచే బుల్లి ప్లాస్టిక్ ముక్క విరిగిపోయింది. రగ్గు తీయించి, వైరును లోపలికి నొక్కి, జారకుండా దారంతో కట్టాను. ఆకుపచ్చ లైటు వెలిగింది. వెనక నుంచి చప్పట్లు.

పరుగున వచ్చి నంబరు కొట్టాను. పేజీ తెరుచుకోలేదు. క్యారియర్ వచ్చింది, నెట్ మాత్రం రాలేదు. కిటికీ నిండా ముఖాలు. లైటు వెలుగుతోంది, వైరు బాగుంది, మరి ఇంకేమిటి? అప్పుడు గుర్తొచ్చింది, పొద్దున నేను చూపించిన పౌరుషం. బాగున్న అడ్రస్‌ను తీసేసి నా చేత్తో రాసిన ఘనకార్యం అలాగే ఉంది. దాన్ని చెరిపేసి, నీ అడ్రస్ నువ్వే అడిగి తెచ్చుకో తల్లీ అని పాత పద్ధతికి మార్చాను. కాసేపటికి తెర మీద జవాబులు వరుసగా రావడం మొదలైంది. ప్రింటరు కూసింది.

"ముందు మేనమామను పంపుండ్రి" అని మీసాలాయన దారి చేయించాడు. ఆయన లారీ మలుపు తిరిగేదాకా అందరూ చేతులూపారు. ఆ తర్వాత ఒక్కొక్కరూ కాగితం ఇవ్వడం, నేను ముద్ర గుద్దడం. మీసాలాయన స్లిప్పు అందుకుని "జర వండుకొని తిను తమ్మీ" అన్నాడు. అంతే, అరగంట కాకుండానే రోడ్డంతా ఖాళీ. డీజిల్ వాసన కాసేపు ఉండి అదీ పోయింది. నేనింత గొప్పగా పని చేసినందుకు ఫలితం, అందరూ నన్ను వదిలి వెళ్ళిపోవడం.

గేటు దించి వచ్చి బాబాయ్ నా ఎదురుగా నిలబడ్డాడు. "రగ్గు నేనే ఆరేసిన సారూ."

రెండు రోజుల కిందట బకెట్లో నానబెట్టి మరిచిపోయింది అదే. "మీరెందుకు ఉతికిండ్రు బాబాయ్?"

"వాసనొస్తున్నది. మీకిక్కడ చేసేటోళ్ళు ఎవరు లేరు గదా."

"మరి వాళ్ళు అడిగినప్పుడు చెప్పలేదేంది?"

బాబాయ్ కాస్త ఆలోచించాడు. "ఎవరిదని గదా అడిగిండ్రు. మీరు నాదన్నరు." అని వెళ్ళి రగ్గును ఈసారి కంచె మీద ఆరేశాడు. ఆయన నాతో ఒక్కసారే అన్ని మాటలు మాట్లాడింది ఆ రోజే.

సాయంత్రం ఇంకో లారీ వచ్చింది. పొద్దుటి సంగతులేవీ తెలియని కొత్త డ్రైవరు. కిటికీలోకి చెయ్యి వచ్చింది. స్లిప్పు ఇచ్చేటప్పుడు నేను కుర్చీలోంచి లేచి, వంగి, ముఖం చూస్తూ, "అన్నం తిన్నారా అన్నా?" అన్నాను. అతను కంగారుపడి స్లిప్పును అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏంది సారూ, కాగితంల ఏమన్న తేడా ఉన్నదా?" అన్నాడు. ఏం లేదు, పొండ్రి అన్నాను. అతను రెండుసార్లు వెనక్కి చూసుకుంటూ పోయాడు.

ఇప్పుడు ఖమ్మంలో నలుగురి మధ్య కూర్చుని పని చేస్తున్నాను. వీడు నోరు మూయడురా బాబూ అని వాళ్ళంతా అంటుంటారు. ఒక్కోసారి ఆ సాయంత్రం గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుంటాను. ఆ డ్రైవరు పొరపాటున తినలేదని గనక అని ఉంటే కిటికీ ఇవతలి ఆ కుర్రాడు ఏం పెట్టేవాడు? గదిలో ఉన్నది అడుగంటిన అన్నం, సీసా అడుగున ఇంత మామిడికాయ పచ్చడి. అయినా పిలిచాడు చూడండి, ఇంట్లో విందు సిద్ధం చేసినట్టు.