సగం చీర, రంగూన్ ఓడ

పక్కింటి మొగుడూ పెళ్లాలు వారం నుంచి మస్కట్ గురించి కొట్లాడుకుంటున్నారు. పిల్లలతో సహా అందరూ పోవాలా, వద్దా అని. గోడ పలచన, నా చెవులు ఇంకా గట్టివి. పోతే వచ్చే లాభం, ఉంటే కలిగే నష్టం అని వాళ్లు తూకం వేస్తుంటే, నిజాం కాలంలో మా నారాయణపేట ఇంట్లో పెట్టిన తక్కెడ ఒకటి కళ్ల ముందు ఊగుతోంది.

మాది నేతపని ఇల్లు. ఉర్దూ పంతులు బెత్తానికీ నా వీపుకీ స్నేహం మరీ ముదరడంతో మూడో తరగతిలోనే బడికి సలాం కొట్టి, మగ్గం గుంతలో కాళ్లు పెట్టాను. పెళ్లయింది, ఆడపిల్ల పుట్టింది. ఆ ఏడు ఎక్కడో యుద్ధమట, మాకు నూలు రావడం ఆగింది. వానలు అంతకుముందే మొహం చాటేశాయి. జొన్న గటక పలచబడి పలచబడి గిన్నెలో మొహం కనబడేదాకా వచ్చింది. అద్దం కొనే పని తప్పిందన్నాను. ఎవరూ నవ్వలేదు. తిండి లేక మా ఇంటామెకు పాలు ఇంకిపోయాయి. ఒళ్లో పిల్ల నెలల గుడ్డు.

అప్పుడు దిగాడు బర్మాకు కూలీల్ని పోగుచేసి తోలుకుపోయే రంగూన్ మేస్త్రీ, ధోవతి మీద కోటు తొడుక్కుని. అక్కడ బియ్యం మిల్లుల్లో పని, మూడు పూటలా అన్నం, కుటుంబం మొత్తం వస్తే ఓడ ఖర్చు కూడా మిల్లువాళ్లదే. వచ్చే సంతనాడు బండ్లు కదులుతాయన్నాడు.

"ఈడ సచ్చుడు ఖాయం, ఆడ సచ్చుడు అనుమానం. అనుమానమే నయం," అన్నాడు బాపు.

"ఈడ సస్తే మనోళ్లు ఇంత మన్నేస్తరు. ఓడల సస్తే సముద్రంల పడేస్తరట. చేపలు తింటయి," అంది అమ్మ.

"చేపలకేం దొరుకుతదే అమ్మా? వాటికన్న మనకే ముండ్లు ఎక్కువున్నయి," అన్నాను.

"నీ నోట్ల మన్నువడ! నవ్వులాట గాదురా."

అమ్మ అసలు ఆయుధం వేరే ఉంది. మగ్గం మీద సగం నేసిన చీర వదిలి ఇంటిల్లిపాదీ ఊరు దాటకూడదని మా పట్టింపు. చీర పూర్తి చేసి, కోసి, మగ్గానికి దణ్ణం పెట్టి కదలాలి. మా మగ్గం మీద మిరపపండు రంగు చీర సగానికొచ్చి ఆగింది. నిలువు పోగుల పడుగు ఉంది, అడ్డం నేసే పేకకు నూలు లేదు. పోవాలంటే చీర ముగియాలి, ముగియాలంటే నూలు కావాలి, నూలే ఉంటే పోవడమే అక్కర్లేదు. ఆ సగం చీరను కోసి అవతల పారేద్దామని, రంగూన్ రంగూన్ అని కలవరించే బాపుతో సహా, ఒక్కరికీ తోచలేదు. ఆకలంటే లేని భయం మగ్గమంటే ఉండేది.

గోడకానుకుని కూర్చున్న మా ఇంటామె అప్పుడు నోరు విప్పింది. "అత్తా, పొద్దటి సంది పిల్ల ఏడుస్తలేదు. ఏడ్చినన్ని దినాలు నాకు భయం లేకుండె."

అమ్మ లేచింది. సందుగలోంచి తన పెళ్లినాటి ఆకుపచ్చ చీర తీసి, అంచు చింపి, పోగులు లాగడం మొదలుపెట్టింది.

"ఏందే గది?" అన్నాడు బాపు.

"పేక," అంది. అంతే.

ఆమె లాగింది, బాపు కండెలకు చుట్టాడు, నేను నేశాను. నోట్లో నాలుక ఉందని కూడా గుర్తు లేదు నాకు. చీర ఒక సగం మిరపపండు, మరో సగం ఎరుపూ పచ్చా కలిసి పాత చింతపండు రంగు తేలింది. కోసి, దణ్ణం పెట్టి, మూటలు కట్టుకుని సంతకు చేరాం. మేస్త్రీ మా మూటల్ని చూసి తలూపాడు. పిల్లను చూసి ఊపడం మానేశాడు.

"గీ పిల్ల ఓడల నిలువది. రేవు కాడ దొర చూసిండంటే మిమ్ముల నలుగుర్ని గూడ వాపస్ తోలుతడు. ఎవరికన్న అప్పజెప్పి రాండ్రి," అన్నాడు.

మా ఇంటామె పిల్లను గుండెకు ఇంకా దగ్గరగా అదుముకుంది. అందరికంటే ఎక్కువగా పోదామన్న బాపు మూట నెత్తికెత్తుకుని ఇంటి దిక్కు తిరిగాడు.

నేను మాత్రం ఆ చీర భుజానేసుకుని సంతంతా తిరిగాను. ముట్టుకున్నవాళ్లు లేరు. చివరికి మేకలు తోలుకొచ్చిన గొల్ల అవ్వ దగ్గర నిలబడి, "అవ్వా, ఒక్క చీరల రెండు చీరలు. పొద్దుగాల ఒకటి, మాపటికి ఒకటి అని జెప్పుకోవచ్చు," అన్నాను.

అవ్వ పగలబడి నవ్వింది. "పిచ్చి చీర, పిచ్చి పోరడు! పైసల్లేవు బిడ్డా నా దగ్గర. మ్యాకపాలిస్త."

"గదే ఇయ్యి," అన్నాను.

తడిగుడ్డతో చుక్క చుక్కగా పిండితే పిల్ల మొదట మింగలేదు. తర్వాత మింగింది. ఎన్నాళ్లకో గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు చుట్టూ మేం నలుగురం పెళ్లివారిలా కూర్చున్నాం.

మా వీధి నుంచి రెండు కుటుంబాలు ఆ బండ్లెక్కాయి. తర్వాత రంగూన్ మీద బాంబులు పడ్డాయన్నారు. వాళ్ల కబురు ఈనాటికీ లేదు. మీరు తెలివిగా ఆలోచించి ఆగిపోయారని ఇప్పుడు మావాళ్లంతా నన్ను మెచ్చుకుంటారు. మేం ఆలోచించి తేల్చింది పోవాలనే. కాలమే తర్వాత తీరిగ్గా వచ్చి, మా దిక్కులేనితనానికి తెలివి అని పేరు పెట్టి పోయింది.